మెదడుకు నెత్తురు, మనిషికి పని

కార్తీక అమావాస్య నాడు పల్నాడులోని కారంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని అయిదు రోజులకూ అయిదు పేర్లు. పన్నెండో శతాబ్దంలో నాగులేటి ఒడ్డున సవతి అన్నదమ్ముల పక్షాలు కొట్టుకుని చచ్చిన పల్నాటి యుద్ధాన్ని ఊరు ఏటా తలచుకునే రోజులివి. ఆ కథ చెప్పేవాళ్లు వీరవిద్యావంతులు. చేతిలో కత్తి ఉంటుంది, పక్కన పంబ మోగుతుంది, పుస్తకం మాత్రం ఉండదు. 1970లలో అమెరికా నుంచి జీన్ రోగేర్ అనే పండితుడు పల్నాడు వచ్చి అలిశెట్టి గాలెయ్య పాడిన కథను రికార్డు చేసుకున్నాడు. అది 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా ఇంగ్లిషులో వచ్చింది. ఒక మనిషి నోట పలికింది వందల పేజీల గ్రంథమైంది.

అంత కథ చెబుతున్న మనిషి తలలో ఒకేసారి ఎన్ని పనులు జరుగుతాయో చూడండి. ఏ ఘట్టం తర్వాత ఏ ఘట్టమో, ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తుండాలి. దరువు తప్పకూడదు. వింటున్నవాళ్ల మొహాలు చూసి ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ముగించాలో అప్పటికప్పుడు తేల్చుకోవాలి. వీటికి మెదడులో వేర్వేరు చోట్లు పూనుకుంటాయి. ఎప్పుడు ఏ చోటు పనిలో ఉంటే అప్పుడు అక్కడికి నెత్తురు ఎక్కువగా చేరాలి. మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, వచ్చినవారిలో ఆ నెత్తురు సంగతి ఏమవుతుంది? మెదడుకు మళ్లీ పని చెబితే అది పుంజుకుంటుందా? ఈ అధ్యాయంలో చూడబోయేది ఈ రెండు ప్రశ్నలనే.

పెద్దవాళ్ల మెదడు బరువు 1,300 నుంచి 1,400 గ్రాములు. ఒంటి బరువులో నూటికి రెండు వంతులు. ఖర్చు మాత్రం చాలా పెద్దది: ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌లో అయిదో వంతు దానికే పోతుంది. నిమిషానికి ముప్పావు లీటరు రక్తం మెడ దాటి పైకి ఎక్కుతుంది. అంటే ప్రతి 100 గ్రాముల మెదడుకూ నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్లు. అది 20కి పడిపోతే నాడీకణాలు పని మానేస్తాయి. 10 దగ్గరికి వస్తే చచ్చిపోవడం మొదలుపెడతాయి. కండరానికీ కాలేయానికీ ఉన్నట్టు మెదడుకు చెప్పుకోదగ్గ నిల్వ లేదు. కొన్ని సెకన్లు రక్తం ఆగితే మనిషి స్పృహ తప్పేది అందుకే.

వచ్చే మొత్తం ఇంతే అన్నప్పుడు పంపకంలో నేర్పు ఉండాలి. సాగర్ కుడి కాలువ కింద సేద్యం చేసిన పల్నాటి రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ఏ పొలానికి తడి కావాలో ఆ తూము ఎత్తుతారు, మిగతావి దించి ఉంచుతారు. మెదడులోనూ అంతే. ఒక చోట నాడీకణాలు పనిలోకి దిగగానే వాటి చుట్టూ ఉన్న ఆస్ట్రోసైట్లు కబురు అందుకుంటాయి. నైట్రిక్ ఆక్సైడ్ లాంటి రసాయనాలు విడుదలవుతాయి. సన్న ధమనుల గోడలు సడలుతాయి. వెంట్రుక కంటే సన్నని కేశనాళికలను చుట్టుకుని ఉండే పెరిసైట్ కణాలు పట్టు వదులుతాయి. రెండు మూడు సెకన్లలో ఆ చోటికి రక్తం పెరుగుతుంది. పని ముందు, రక్తం వెనుక: ఈ వరస గుర్తుంచుకోవాలి, శిక్షణ మీద ఆశ పుట్టింది ఇక్కడి నుంచే.

ఈ సంగతిని మొదట కంటితో చూసినవాడు ఇటలీలోని టూరిన్ నగరపు శరీరశాస్త్రవేత్త ఆంజెలో మోసో. 1880 ప్రాంతాల్లో బెర్టీనో అనే రైతు ఆయన దగ్గరికి వచ్చాడు. దెబ్బ తగిలి అతని పుర్రె ఎముక కొంత పోయింది. ఆ చోట చర్మం కింద మెదడు కొట్టుకోవడం తెలుస్తుండేది. మోసో దాని మీద ఒక పరికరం అమర్చి కాగితం మీద గీతలు గీయించాడు. ఒకనాడు మధ్యాహ్నం చర్చి గంట మోగింది. గీతలు ఒక్కసారిగా లేచాయి. చేతి నాడిలో మాత్రం మార్పు లేదు. గంట వింటే ప్రార్థన గుర్తొచ్చిందా అని అడిగితే అవునన్నాడు బెర్టీనో. లెక్క చేయమంటే మళ్లీ లేచాయి. కూర్చున్న మనిషి, కదలని ఒళ్లు, ఒక జ్ఞాపకం, దాని వెంట రక్తం.

తర్వాత కొలతలు పదునెక్కాయి. 1940లలో సేమూర్ కెటీ, కార్ల్ ష్మిట్ నైట్రస్ ఆక్సైడ్ పీల్పించి మనిషి మెదడు రక్తప్రవాహాన్ని తొలిసారి అంకెల్లో చెప్పారు. 1982లో రూన్ ఆస్లిడ్ కణత దగ్గర పలచని ఎముక గుండా అల్ట్రాసౌండ్ పంపి లోపలి ధమనిలో రక్తవేగం కొలిచాడు. దీన్ని ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ అంటారు. నొప్పి లేదు, సూది లేదు, మంచం పక్కకే తీసుకెళ్లవచ్చు. ఇప్పుడు ఎమ్మారైలో ఏ మందూ ఎక్కించకుండానే, రక్తంలోని నీటికే అయస్కాంతపు గుర్తు పెట్టి, ఏ భాగానికి ఎంత వెళుతోందో పటం గీస్తున్నారు.

ఈ కొలతలు డిమెన్షియా వచ్చినవారిలో ఏం చెప్పాయి? డిమెన్షియా రకాల్లో ఒకటైన అల్జైమర్స్‌లో మొదటి దశల్లోనే రక్తప్రవాహం తగ్గుతుంది. మెదడు వెనక భాగంలోనూ, కణతల పక్కనా, పైనా ముందు తగ్గుతుంది. సొంత జ్ఞాపకాలకు, దారీతెన్నూ తెలియడానికి ఆధారం ఆ చోట్లే. సంతకు వెళ్లిన ముసలాయన పుట్టి పెరిగిన ఊళ్లోనే ఇంటి మలుపు మరిచాడంటే, అది చాదస్తమని నవ్వేయకూడని సూచన.

చాలాకాలం డాక్టర్లు దీన్ని సులువుగా తీసుకున్నారు: కణాలు చస్తున్నాయి, అవసరం తగ్గింది, రక్తమూ తగ్గింది అని. అందులో నిజం ఉంది, కానీ సగమే. 2019లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో డేవిడ్ అట్వెల్ బృందం మనుషుల మెదడు నుంచి తీసిన కణజాలాన్ని పరిశీలించింది. అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకున్న చోట పెరిసైట్లు కేశనాళికలను నొక్కి పట్టి ఇరుకు చేస్తున్నాయని తేల్చింది. అదే ఏడాది అమెరికాలోని కార్నెల్ శాస్త్రవేత్తలు అల్జైమర్స్ ఎలుకల్లో తెల్ల రక్తకణాలు కొన్ని కేశనాళికల్లో ఇరుక్కుని దారి మూస్తున్నాయని చూశారు. ఆ అడ్డు తీసేస్తే ఎలుకల జ్ఞాపకశక్తి గంటల్లోనే మెరుగైంది. ఎలుకలో జరిగింది మనిషిలో జరుగుతుందని చెప్పలేం. అయినా రక్తం తగ్గడం జబ్బుకు ఫలితమే కాక ఒక కారణం కూడా అన్న మాట ఇప్పుడు గట్టిగానే నిలబడింది.

రెండో రకం డిమెన్షియాలో ఆ సందేహమే లేదు. అది రక్తనాళాల జబ్బే. ఏళ్ల తరబడి పట్టించుకోని బీపీ, షుగర్, పొగ కలిసి మెదడు లోపలి సన్న ధమనుల గోడలను గట్టిపరుస్తాయి. గట్టిపడ్డ గోడ అవసరమైనప్పుడు సడలదు. చిన్న చిన్న పక్షవాతాలు వచ్చిపోతాయి. కొన్ని ఎవరికీ తెలియను కూడా తెలియవు. మనిషి నడక మందగిస్తుంది, మాటకు జవాబు ఆలస్యమవుతుంది, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోతుంది. ‘పెద్దాయన మునుపటిలా లేడు’ అని ఇంట్లో అనుకుంటారు. పల్నాడులో ఈ మాట ఇంకా బిగ్గరగా చెప్పాలి. ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు పూటపూటా కంచంలో ఉండే సీమ ఇది. కారాన్ని నేనేమీ అనడం లేదు. దానికి తోడు పడే ఉప్పు సంగతే నా భయం.

భారతదేశంలో అరవై దాటినవారిలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉందని, సుమారు 88 లక్షల మంది అని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అంచనా. మగవారికంటే ఆడవారిలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. పల్లెల్లో ఎక్కువ అన్నది చాలామందికి వింతగా తోస్తుంది. పల్లె గాలి, పల్లె తిండి మంచివని మన నమ్మకం. చిన్నప్పుడు బడి లేకపోవడం, బీపీ పట్టుబడకపోవడం, చూపు మందగించినా వినికిడి తగ్గినా పట్టించుకోకపోవడం గాలితో తీరేవి కావు.

తెలుగువారి నుంచి ప్రపంచానికి అందిన గట్టి సాక్ష్యం ఒకటుంది. హైదరాబాద్ నిమ్స్‌లోని మెమరీ క్లినిక్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2006 నుంచి 2012 వరకు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసింది. వారిలో 391 మంది రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష వచ్చినవారికి సగటున 61.1 ఏళ్లకు జబ్బు మొదలైతే, రెండు భాషల వారికి 65.6 ఏళ్లకు మొదలైంది. నాలుగున్నరేళ్ల తేడా. 2013లో న్యూరాలజీ పత్రికలో ఇది అచ్చయినప్పుడు అందరినీ ఆకట్టుకున్న అంశం మరొకటి: బడి మొహం చూడనివారిలో ఆ తేడా ఆరేళ్లు. అంటే ఇది చదువు మహిమ అని కొట్టిపారేయడానికి వీల్లేదు. మూడో భాష, నాలుగో భాష వస్తే అదనపు లాభం కనిపించలేదు. ఆ 648 మందిలో 189 మందిది రక్తనాళాల డిమెన్షియా. వారిలోనూ తేడా 3.7 ఏళ్లుంది.

2016లో అదే ఊరి నుంచి మరో అధ్యయనం వచ్చింది. పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించారు. పక్షవాతం తర్వాత కూడా ఆలోచన, జ్ఞాపకం చెక్కుచెదరనివారు రెండు భాషల వారిలో 40.5 శాతం, ఒకే భాష వారిలో 19.6 శాతం. రక్తం ఆగి దెబ్బ తగలడం ఇద్దరికీ జరిగింది. తట్టుకోవడంలోనే తేడా.

కారంపూడి చుట్టుపక్కల దీని అర్థం ఏమిటి? తండాలో లంబాడీ మాట్లాడి, సంతలో తెలుగు మాట్లాడే సుగాలి అవ్వ, ఇంట్లో ఉర్దూ, కొట్టు మీద తెలుగు మాట్లాడే ముస్లిం తాత రోజూ ఎన్నిసార్లు ఒక భాషను ఆపి ఇంకో భాషను పట్టుకుంటారో! ఎవరితో ఏది మాట్లాడాలో ఎంచడం, రెండోదాన్ని అణచి ఉంచడం మెదడు ముందుభాగానికి తెల్లవారిన దగ్గర నుంచి సాగే కసరత్తు. పైన చెప్పిన రెండూ గతాన్ని తవ్వి చూసిన అధ్యయనాలు. ఏళ్ల తరబడి ముందుకు వెంబడించిన కొన్ని ఇతర పరిశోధనల్లో ఇంత స్పష్టమైన ఫలితం రాలేదు. వాదం తెగలేదు. కానీ ఇంట్లో సొంత భాష మాట్లాడితే మనవడు వెనకబడతాడని సిగ్గుపడి మానేసే కుటుంబాలకు నా సలహా ఒక్కటే: మానకండి.

ఇక అసలు ప్రశ్న. జబ్బు వచ్చాక మెదడుకు శిక్షణ ఇస్తే? ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో జవాబు ఆశాజనకంగానే ఉంది. అమెరికాలోని డాలస్‌లో శాండ్రా చాప్‌మన్ బృందం కొద్దిమంది పెద్దవారికి 12 వారాలు ఆలోచనకు సంబంధించిన శిక్షణ ఇచ్చింది. విన్నదాంట్లో సారం పట్టడం, అనవసరమైనది వదిలేయడం, ఒకే సంగతిని కొత్త కోణాల్లో చెప్పడం నేర్పారు. ఊరికే కూర్చున్నప్పుడు కూడా వారి మెదడుకు అందే రక్తం సుమారు 8 శాతం పెరిగినట్టు ఎమ్మారైలో కనిపించింది.

డిమెన్షియా ఉన్నవారిలో మాత్రం చిత్రం ఇంత తేటగా లేదు. జరిగినవి చిన్న అధ్యయనాలు, ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. పైగా చిక్కు ఒకటుంది. జబ్బు తొలిదశలో మెదడు ఒక్కోసారి మామూలు పనికే ఎక్కువ శ్రమపడుతుంది, ఎక్కువ చోట్లకు రక్తం లాగుతుంది. శిక్షణతో పని తేలికైతే అక్కడ రక్తం తగ్గాలి కూడా. కాబట్టి డాప్లర్‌లో అంకె పెరిగితే మంచి, తగ్గితే చెడు అని గీత గీయలేం. ‘మా పద్ధతిలో మెదడుకు రక్తం పెరుగుతుంది, మతిమరుపు పోతుంది’ అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

రక్తం సంగతి అలా ఉంచి మనిషి పనితీరు చూస్తే కొంత గట్టి నేల దొరుకుతుంది. 2019లో కాక్రేన్ సంస్థ 33 ప్రయోగాలను ఒక్కచోట చేర్చి పరిశీలించింది. శిక్షణ పొందినవారు ఏమీ పొందనివారి కంటే కొంత మెరుగ్గా ఉన్నారు. అయితే శిక్షణకు బదులు వేరే ఏదైనా కాలక్షేపం, కార్యక్రమం ఇచ్చినవారితో పోల్చినప్పుడు తేడా దాదాపు లేదు. నా దృష్టిలో ఈ రెండో వాక్యమే పేదవాడికి పనికొచ్చేది. ఖరీదైన ఆటల యాప్ లేకపోతే ఏదో పోగొట్టుకున్నామన్న దిగులు అక్కర్లేదు. మనిషిని ఖాళీగా కూర్చోబెట్టకపోవడమే ముఖ్యం.

2003లో బ్రిటన్‌లో ఎయిమీ స్పెక్టర్ బృందం 201 మందితో చేసిన ప్రయోగం ఇంకా ఆచరణకు దగ్గరగా ఉంటుంది. వారానికి రెండుసార్లు, ముప్పావు గంట చొప్పున, ఏడు వారాలు నలుగురినీ కూర్చోబెట్టి మాట్లాడించారు, పాడించారు, ఆడించారు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో వచ్చిన మెరుగు అప్పటి అల్జైమర్స్ మందుల మెరుగుకు తీసిపోలేదు. చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ ఈ పద్ధతిని తమిళులకు తగ్గట్టు మలిచింది. దీని కీలకం ఒక్క నియమంలో ఉంది: నిజాలు అడగవద్దు, అభిప్రాయాలు అడగండి. ఈరోజు ఏ వారం అని అడిగితే తప్పొప్పులు తేలతాయి. ఇది నీకు నచ్చిందా అని అడిగితే తప్పు జవాబు ఉండదు.

దీన్ని కారంపూడిలో చేస్తే ఎలా ఉంటుందో ఊహించండి. నలుగురైదుగురు పెద్దవాళ్లు ఒక అరుగు మీద కూర్చున్నారు. ‘కోడిపోరులో మంత్రి బ్రహ్మనాయుడు ఓడి రాజ్యం విడిచి పోవాల్సి వచ్చిందే, పందేనికి ఒప్పుకోవడం తప్పంటావా పెదనాన్నా?’ అని అడగాలి. యుద్ధం ఏ సంవత్సరంలో జరిగిందని అడగకూడదు. నిన్న ఏం తిన్నాడో చెప్పలేని మనిషి అవతలి పక్షం మంత్రి నాగమ్మ మీద విరుచుకుపడవచ్చు. పక్కనున్న అవ్వ నాగమ్మ పక్షం వహించి, ఆడది మంత్రిగా నెగ్గడం ఓర్వలేక ఆడిపోసుకున్నారని ఎదురు తిరగవచ్చు. వాదించడానికి మాటలు వెదకాలి, ఎదుటివాడి మాట పట్టుకోవాలి, తన వంతు వచ్చేదాకా ఆగాలి. ఇదంతా మెదడుకు పనే. అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు మాటెత్తితే కులం, తిండి, పెళ్లి భోజనాలు అన్నీ కదులుతాయి. పంబ మోత వినిపిస్తే ఇంకా మేలు. బాగా తెలిసిన పాటలను దాచుకునే మెదడు భాగాలు అల్జైమర్స్‌లో ఆలస్యంగా దెబ్బతింటాయి. అందుకే పేర్లు పోయినా పాట మిగులుతుంది. వీరవిద్యావంతులకు ఈ జబ్బు రాదని నేననడం లేదు. వాళ్లు మోసుకొచ్చిన సంపద ఊరి పెద్దలందరికీ మందుగా వాడుకోవచ్చు అంటున్నాను.

ఇంట్లో పనీ అంతే. మిరప కోతలయ్యాక కల్లంలో కాయ ఏరడం చూడండి. ఎర్రగా ఉన్నది ఒక పక్కకు, రంగు పోయిన తాలు ఒక పక్కకు. కాయను చేతిలోకి తీసుకోవాలి, రంగు చూడాలి, మునుపు చూసినదానితో సరిపోల్చాలి, ఏ కుప్పలో వేయాలో తేల్చాలి, వేశాక తర్వాతి కాయ మీదికి మనసు మళ్లించాలి. ఆస్పత్రిలో కార్డులు పేర్పించి చేయించే వర్గీకరణ పరీక్షకూ దీనికీ పెద్ద తేడా లేదు. నలభై ఏళ్లు ఆ పని చేసిన అమ్మకు మతిమరుపు వచ్చిందని కోడలు చాట లాగేసుకుంటుంది. ప్రేమతోనే లాగేసుకుంటుంది: ‘నువ్వు కూర్చో అత్తా, కష్టపడింది చాల్లే’ అని. కాసిని తాలు కాయలు మంచి కుప్పలో పడితే పడనివ్వండి, తర్వాత చూసుకోవచ్చు. చాట మాత్రం ఆమె ఒళ్లోనే ఉండనివ్వండి. ఘాటుకు దగ్గు వస్తుంటే చిక్కుళ్లు ఒలవమనండి. తాతకు పులిజూదం గీసివ్వండి. ఆట నియమాలు కొంచెం తప్పినా సరిదిద్దకండి.

చేయకూడనిది ఒకటుంది. చుట్టాలొచ్చినప్పుడల్లా ‘నేనెవరో చెప్పు చూద్దాం’ అని నిలబెట్టి అడగడం. అది శిక్షణ అవదు, అవమానమవుతుంది. ‘నాన్నా, నేను నీ చిన్నకూతుర్ని, మాచర్ల నుంచి వచ్చాను’ అని ముందే చెప్పి పక్కన కూర్చుంటే మాట దానంతటదే సాగుతుంది.

పని ఒక్కటే చాలదు, నెత్తురు దారి కూడా తెరుచుకుని ఉండాలి. బీపీ బాగా తగ్గిస్తే మెదడుకు రక్తం చాలదేమోనని చాలామంది బిళ్ల మధ్యలో మానేస్తారు. అమెరికాలో తొమ్మిది వేల మందికి పైగా పాల్గొన్న స్ప్రింట్ అధ్యయనం ఈ భయాన్ని తీర్చింది. పై అంకెను 140 లోపు ఉంచినవారితో పోలిస్తే 120 లోపు ఉంచినవారిలో, డిమెన్షియాకు ముందు మెట్టైన తేలికపాటి మతిమరుపు 19 శాతం తక్కువ వచ్చింది. వారిలో కొందరికి ఎమ్మారై తీస్తే మెదడుకు రక్తం తగ్గలేదు సరికదా, కొద్దిగా పెరిగింది. ఎవరికి ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి, బాగా పెద్దవయసులో కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం కూడా చూసుకోవాలి. రోజూ నడక, షుగర్ అదుపు, పొగ మానడం కూడా ఈ లెక్కలోవే. 14 కారణాలను సరిదిద్దితే ప్రపంచంలో 45 శాతం డిమెన్షియాను నివారించడమో వాయిదా వేయడమో చేయవచ్చని 2024లో లాన్సెట్ కమిషన్ లెక్కగట్టింది.

అన్ని మతిమరుపులూ డిమెన్షియా కావు. బి12 తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, దిగులు పట్టినా, తల మీద దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టినా అలాగే కనిపిస్తుంది. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. మార్పు కొద్ది రోజుల్లోనే వచ్చిందంటే ఇంకా తొందరపడాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది. పెద్దల సమస్యలకు 14567 నంబరు దేశమంతటా పనిచేస్తుంది.

వైద్యులకూ, జిల్లా అధికారులకూ ఒక విన్నపం. తమిళంలో జరిగిన పని తెలుగులోనూ జరగాలి. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త చదివి నడిపించగల చిన్న పుస్తకం, మన కథలతో, మన పనులతో, పద్నాలుగు సమావేశాల పాఠంగా రావాలి. వీరుల ఉత్సవాలకు జనం చేరే ఆ అయిదు రోజులూ వీరుల గుడి దగ్గర ఒక బల్ల వేసి, నలభై దాటిన ప్రతివారికీ బీపీ చూసి, అంకె కాగితం మీద రాసి చేతికివ్వండి.